గొంతు పంపను, రాతే పంపుతాను

నేను అక్షరాలు దిద్దింది అరవై దాటాక. హిందీ మాట్లాడే ఊరు బిలాస్‌పూర్‌లో, రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగి, రైలింజన్ల షెడ్డులో ఖలాసీని కట్టుకున్నదాన్ని. తెలుగు మాట్లాడ్డమే గానీ చదవడం రాదు. విజయనగరం నుంచి కాపురానికి వచ్చిన మా కోడలు నేర్పింది. ఇప్పుడు ఫోన్‌లో ఒక కథల యాప్‌లో మా క్వార్టర్ల కబుర్లు రాస్తాను. చదివేవాళ్లున్నారు.

మొన్న వానాకాలం ఆ యాప్ పడకేసింది. తెరిస్తే గుండ్రంగా తిరుగుతుంది, అంతే. వారం దాటినా అదే వరస. ఇంతమంది చదువుతున్నారని మురిసిపోయాను గానీ, ఒక్కరి ఫోన్ నంబరైనా నా దగ్గర లేదు.

కోడలు తేలిగ్గా తీసుకుంది. "దానికేటత్తా? నువ్వు పైకి చదివీయ్. రికార్డు చేసి మన తెలుగోళ్ల గ్రూపులన్నిట్లోనూ పెట్టీత్తాను. అందరూ ఇంటారు."

"వినడానికి కాదే నేను రాసింది," అన్నాను.

నా మనసులో ఉన్నది ఒకావిడ. నా రాతల కింద "అప్పా, ఇయాల సగం సదివాను" అని, నన్ను అక్కను చేసుకుని, తప్పులతోనే రాసేది. నాలాగే ముదిరాక చదువు మొదలుపెట్టింది. నా కబుర్ల మీదే కూడబలుక్కుంటోంది. ఈ వయసులో కొన్నాళ్లు వదిలేస్తే అక్షరాలు జారిపోతాయి. నాకూ ఒకసారి జారిపోతే మళ్లీ మొదట్నుంచి దిద్దాను. ఆవిడ దిద్దుతుందన్న నమ్మకం నాకు లేదు. గొంతు పంపితే హాయిగా వింటుంది, చదవడం అక్కడితో సరి.

అందుకని కాగితం మీద ఒక కబురు పెద్దపెద్ద అక్షరాలతో రాశాను. అడుగున నా నంబరు వేశాను. ఇప్పుడు ఎక్కడ ఏం రాసినా వేస్తున్నాను. కోడలు ఫోటో తీసి గ్రూపుల్లో పెట్టింది. అక్కణ్ణుంచి చుట్టాలకి చుట్టాలు పంపుకుని, పలాస నుంచీ రాయగడ నుంచీ ఫోన్లొచ్చాయి. ఆవిడ నుంచి మాత్రం రాలేదు. మా ఊళ్లోనే లాల్‌ఖదాన్‌లో తనకి ఇడ్లీబండి ఉందని ఎప్పుడో రాసింది. ఆ ఒక్క ముక్క పట్టుకుని, రాసిన కాగితం సంచిలో వేసుకుని ఆటో ఎక్కాను.

అక్కడ బండి బండికీ అడిగాను. పట్టాల పక్కనున్న బండి దగ్గర ఒకావిడ గరిటె ఆపింది.

"ఫోన్లో కతలా? నానే సదువుతాను. నువ్వెవులు?"

"అవి రాసేదాన్ని."

"ఓలమ్మో, అప్పా! తప్పులు రాత్తన్నానని నన్ను తీసీసినారనుకున్నాను. సదవడం మానీసాను."

"నిన్నెవరు తీస్తారే? అందరికీ ఆగిపోయింది. ఇదిగో, చదువు."

"ఇప్పుడేటి? గిరాకీ ఉంది."

"దీదీ, చట్నీ," అన్నాడు ప్లేటు పట్టుకున్నతను.

"రుకో భయ్యా," అని అతన్ని ఆపాను నేను.

ఆవిడ చేతులు తుడుచుకుని కాగితం అందుకుంది. మొదటి వరసలోనే ఒత్తుల దగ్గర ఆగిపోయి నా మొహం చూసింది. ఆ అక్షరమేదో నేను చెప్పలేదు. కాగితం మడిచి రవికలో పెట్టుకుంది.

"నువ్వలగ ఎదురుగుండా నిలబడితే నాకు సిగ్గప్పా. ఎల్లు. ఇంటికాడ సదూకుంటాను."

ఇక మానేస్తుందనే అనుకుంటూ వెనక్కి వచ్చాను.

సాయంత్రం బియ్యం ఏరుతుంటే ఫోన్ మోగింది. తెలియని నంబరు. అవతల పలకరింపు లేదు, కాగితం గరగర తప్ప. తర్వాత ఆవిడ గొంతు నా మొదటి వరస చదవడం మొదలుపెట్టింది, ఒక్కో అక్షరం నొక్కి నొక్కి. తప్పు చదివిన చోట తనే వెనక్కి వెళ్లింది.

చేట పక్కన పెట్టి ఊ కొట్టాను.