మలయాళం మామ కారు ట్యూబు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఆడపిల్లలకు ఈత రాదు. నేర్పేవాళ్ళూ లేరు, నేర్పమని అడిగేవాళ్ళూ లేరు. మా ఊరు గురజాల నుంచి మాచర్ల పోయే రోడ్డు మీద ఉంటుంది. ఊరి పక్కనే కాలవ, పొలాలన్నీ కాలవ అవతల. నాన్నకు అన్నం క్యారేజీ పట్టుకుని, కాలవ మీద వేసిన రెండు తాటి దుంగల మీదుగా రోజూ నేనే పోవాలి. ఒకరోజు కాలు జారి పడ్డాను. క్యారేజీ తేలింది, నేను తేలలేదు. నన్ను జుట్టు పట్టుకుని గట్టు మీదికి లాగింది మలయాళం మామ.

ఆయన కేరళ నుంచి వచ్చి మా ఇంటి పక్కనే రోడ్డు మీద పంచర్ షాపు పెట్టుకున్నాడు. అసలు పేరు పలకడానికి ఊళ్ళో ఎవరికీ నోరు తిరగదు. అందుకని పెద్దవాళ్ళకు మలయాళం, పిల్లలకు మలయాళం మామ. భార్యతో, ఇద్దరు ఆడపిల్లలతో షాపు వెనకే కాపురం. పొద్దున్నే చేతుల గ్రీజు పోయేదాకా కుంకుడురసంతో రుద్దుకుని, కూతుళ్ళకు తనే జడలు వేసేవాడు. ఊళ్ళో చెప్పు తెగినా, ప్లాస్టిక్ బిందెకు చిల్లు పడినా, బడిలో వాలీబాల్ గాలి పోయినా ఆయన దగ్గరికే. ఉత్తినే చేసిపెట్టేవాడు. ఆయన వేసిన పంచర్ మళ్ళీ ఊడదని లారీల వాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. ఆ పేరు మీదే ఆయన ఇల్లు గడిచేది.

నేను పడ్డ మర్నాడు మామ మా ఇంటికొచ్చి, పిల్లకు ఈత నేర్పుతానన్నాడు. మా నాయనమ్మ అరుగు మీద నుంచే అందుకుంది.

"ఆడపిల్లకు ఈతేందయ్యా, అదేమన్నా చేపా?"

"చేప అయితే నేనెందుకు నేర్పటం అమ్మా," అన్నాడు.

ఆ మాటకు నాయనమ్మ నవ్వేసింది. సరే గానీ గట్టు మీద తనూ కూర్చుంటానంది, చేతికర్రతో సహా.

రోజూ పొద్దున కాలవలో నీళ్ళు నిదానంగా ఉండే చోటికి పోయేవాళ్ళం. మామ ఒక కారు ట్యూబుకు గాలి కొట్టి నా చంకల కిందికి తొడిగి, జారకుండా భుజాలకు తాడు కట్టేవాడు. దిగువన తను నడుంలోతు నీళ్ళలో నిలబడేవాడు. మొదటి రోజు ఖాళీ కుండలా తేలాను. నాలుగో రోజుకు ట్యూబు మెత్తబడింది. ఆరో రోజుకు వేలితో నొక్కితే లోపలికి పోతోంది.

"ఏందయ్యా, ఊరి ట్యూబులన్నీ అతికేవోడివి, నీ ట్యూబుకు పంచర్ ఏసుకోలేవా?" అంది నాయనమ్మ.

మామ తల గోక్కుని, "దానికి వయసైందమ్మా," అన్నాడు.

నాయనమ్మ నోట్లో పడ్డ మాట టీకొట్టు దాకా పోవడానికి ఎంతోసేపు పట్టదు. మలయాళం పంచర్లు నిలవడం లేదట అని ఊరంతా చెప్పుకున్నారు. నేను కూడా బడిలో చెప్పాను. లారీలు ఆయన షాపు దాటిపోయి అవతలి షాపు దగ్గర ఆగడం మొదలైంది. టీకొట్టులో ఒక డ్రైవరు మొహం మీదే, "ఏం మలయాళం, చెయ్యి పడిపోయిందంట గదా," అన్నాడు. మామ నవ్వి ఊరుకున్నాడు. ఇంటికొచ్చాక అత్త ఆయన్ని వాళ్ళ భాషలో చాలాసేపు ఏదో అంది. మాటలు అర్థం కాలేదు గానీ తిట్లని తెలిసింది.

పదో రోజు నేను అవతలి గట్టు దాకా పోయి తిరిగొస్తున్నాను. కాలవ మధ్యలో ట్యూబు పట్టుకుందామని చెయ్యి వేస్తే అక్కడ ట్యూబు లేదు. రబ్బరు ఎండిన పొట్లకాయలా ఒంటికి అంటుకుని ఉంది.

"మునిగిపోతున్నా నాయనమ్మో," అని అరిచాను. నాయనమ్మ కర్ర పారేసి లేచింది. మామ మాత్రం కదల్లేదు.

"మూడు రోజుల నుంచి మునుగుతానే ఉన్నావు మోళే," అన్నాడు. మోళే అంటే వాళ్ళ భాషలో బిడ్డ. "దాంట్లో గాలి ఎప్పుడో అయిపోయింది. రోజూ కొంచెం కొంచెం నేనే తీశాను."

అరవడం ఆపి చూసుకున్నాను. కాళ్ళూ చేతులూ వాటి పని అవి చేసుకుంటున్నాయి.

గట్టెక్కాక నాకు సంతోషం రాలేదు, మోసం చేశాడని ఏడుపొచ్చింది. నాయనమ్మకు మాత్రం వేరే సంగతి తట్టింది.

"మరి ఊరంతా నిన్ను అన్ని మాటలంటుంటే చెప్పవేందయ్యా?"

"చెప్తే పిల్లకు తెలిసిపోద్ది. తెలిస్తే మునుగుద్ది."

తప్పు తనదేనని నాయనమ్మ నేరుగా టీకొట్టుకు పోయింది. అక్కడున్న డ్రైవర్లందరికీ వినపడేలా చెప్పింది. "ఆయన ట్యూబు పంచర్ కాలా. రోజూ ఆయనే గాలి తీసేవోడంట."

డ్రైవర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పంచర్ షాపువాడు తనే గాలి తీస్తాడంటే ఇంక ఆ షాపు ముందు ఎవరాగుతారు? ఒకతను సగం టీ వదిలేసి, తన లారీ టైర్లు రాడ్డుతో కొట్టి చూసుకోవడానికి పోయాడు.

మామ తల పట్టుకుని, "అమ్మా, ముందు చెప్పిందే నయంగా ఉంది," అన్నాడు.

చివరికి నన్నే సాక్ష్యం పెట్టారు. మామ అదే ట్యూబుకు నిండా గాలి కొట్టి, షాపు ముందు నీళ్ళతొట్టిలో ముంచి తిప్పాడు. ఒక్క బుడగ కూడా రాలేదు. తర్వాత గాలంతా తీసేసి నాకు కట్టాడు. డ్రైవర్లు గట్టు మీద నిలబడి చూస్తుంటే కాలవ దాటి మళ్ళీ వచ్చాను. రాడ్డుతో టైర్లు కొట్టుకున్న మనిషే ముందు నవ్వాడు. "మా పిల్లక్కూడా నేర్పుతావా మలయాళం?" అని అడిగాడు. లారీలు మళ్ళీ ఆగాయి. ఆ ఏడు మా వీధి ఆడపిల్లలందరూ ఈత నేర్చుకున్నారు.

ఆ పది రోజుల్లో ఏ పూట ఒక్క మాట చెప్పినా ఆయన పేరు నిలబడేది. పక్కింటి పిల్లకు ఈత రావడం కోసం ఆయన ఆ మాట దాచుకున్నాడు. ఇది నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు.

దీన్నుంచి ఏం నేర్చుకున్నానో గొప్పగా రాయడం నాకు చేతకాదు, చేసింది చెబుతాను. మా కోడలు కొత్తగా వచ్చినప్పుడు భయంతో ప్రతి కూరకూ ఉప్పెంత అత్తయ్యా అని అడిగేది. నేను కావాలని తప్పు చెప్పడం మొదలుపెట్టాను. ఒకరోజు పప్పు చప్పన, ఒకరోజు పులుసు ఉప్పు కషాయం. ముసల్దాని నాలుక చచ్చిందని ఇంట్లో అందరూ అన్నారు. పళ్ళు బిగబట్టుకుని ఊరుకున్నాను. ఆరో రోజు కోడలు నన్ను అడక్కుండా తనే రుచి చూసి ఉప్పు వేసింది, కూర కుదిరింది. ఆ కూర చల్లారేలోపే మా ఆయనకూ, పక్కింటామెకూ, పాలు పోసే అతనికీ అసలు సంగతి చెప్పేశాను.

మామ దగ్గర ఈత మాత్రం బాగా వచ్చింది. ఊరుకోవడం ఇంకా నేర్చుకుంటున్నాను.