ఆపా ఫోన్‌లో నేను మార్చిన బొమ్మలు

ఎవరి చేతిలోనైనా ఫోన్ నత్తనడక నడుస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. అడిగినా అడగకపోయినా లాక్కుని, బాగు చేసేదాకా చెయ్యి ఊరుకోదు. మారేడ్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్‌లో సగం ఫోన్లకు నేనే వైద్యురాలిని. పొగిడేవాళ్లు పొగుడుతారు, నేను ఉబ్బిపోతాను. మా ఆయన మాత్రం, "నువ్వు ముట్టుకున్న ఫోన్ బాగుపడుతుంది గానీ, ఆ తర్వాత అది దాని ఓనరుకి అర్థం కాదు" అని వెక్కిరిస్తుంటాడు. ఆ మాట ఎప్పుడైనా చెవికెక్కించుకుని ఉంటే ఇప్పుడిది రాయాల్సిన పని ఉండేది కాదు.

ఆపా మా టైలర్. బన్సీలాల్‌పేట్‌లో మెట్లబావి దాటాక రెండో సందులో, ఇంటి ముందుగదే ఆవిడ కొట్టు. ఆపా అంటే ఉర్దూలో అక్క అని అర్థం. నాకంటే నాలుగైదేళ్లు పెద్దది, కానీ నన్ను మేడం అనే పిలుస్తుంది. పదకొండేళ్లుగా నా జాకెట్లన్నీ ఆవిడే కుడుతోంది. చంకల దగ్గర ముడత పడకుండా కుట్టే మనిషి దొరకడం ఎంత కష్టమో కుట్టించుకునేవాళ్లకు తెలుసు. అందుకని ఆవిడ ఎన్ని రోజులు తిప్పుకున్నా నేను నోరెత్తను.

అది రంజాన్ నెల. గదినిండా పండగ బట్టలు, మెషీన్ మీద, కుర్చీ మీద, కిటికీ ఊచలకు కూడా. నేను జాకెట్ గుడ్డ ఇవ్వడానికి వెళ్తే, కత్తెర ఆపకుండానే ఆపా తన ఫోన్ నా వైపు తోసింది.

"మేడం, జెర ఈ ఫోన్ చూడుండ్రి. మాటమాటకు ఆగిపోతున్నది. పండగ రష్‌ల గిట్ల పరేషాన్ చేస్తే ఎట్ల?"

నాకు కావలసిందీ అదే. కుర్చీ మీద బట్టల మూటను పక్కకు జరిపి కూర్చున్నాను. వాళ్లమ్మాయి వాడి వదిలేసిన పాత ఫోన్ అది. పనికిరాని వీడియోలు, గుడ్ మార్నింగ్ ఫొటోలు తీసేశాను. తర్వాత ఫోన్ నంబర్ల జాబితా తెరిచాను. అందులో పనేమీ లేదు, ఊరికే తెరిచాను. చూస్తే ఒక్క పేరు లేదు, ఒక్క అక్షరం లేదు. పేర్ల చోట అన్నీ ఎమోజీ బొమ్మలే. ఒక చేప, ఒక గులాబీ, ఒక స్కూటర్, ఒక ఏనుగు. నేను కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను కాబట్టి నాకు పుస్తకాల దొంతర.

"ఇదేంటి ఆపా, ఎల్‌కేజీ పిల్లల పుస్తకంలా ఉంది!" అని పకపకా నవ్వాను.

ఆవిడ పెదాల మధ్య గుండుసూదులున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా తీసి గుడ్డకు గుచ్చి, చిన్నగా నవ్వి, "గట్లనే మంచిగుంటది మేడం" అంది. ఆ నవ్వులో ఏదో తేడా ఉందని ఇప్పుడు అనిపిస్తోంది. అప్పుడు నేను ఫోన్ చూస్తున్నాను గానీ ఆవిడ మొహం చూడలేదు.

ఆ బొమ్మలు నాకు నచ్చలేదు. పాతకాలం ఫోన్ కదా, మొహాలన్నీ చప్పిడిగా, రంగులు వెలిసినట్టు ఉన్నాయి. ఖరీదైన ఫోన్లలో వచ్చే ఎమోజీలు ఇలాంటి పాత ఫోన్లలో కూడా కనిపించేలా చేయొచ్చు. ఒక చిన్న యాప్ దింపి, అక్షరాల స్టైల్ మార్చి, ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే సరిపోతుంది. మా ఫ్లోర్‌లో ఇద్దరికి చేసి పెట్టాను, మురిసిపోయారు. ఆపాను అడగాలని కూడా తోచలేదు. ఇరవై నిమిషాల్లో పని ముగించి, నవ్వుతున్న మొహాల పేజీ తెరిచి చూపించాను.

"చూడండి, ఎంత ముద్దుగా ఉన్నాయో!"

"మంచిగున్నయి" అంది ఆపా, సున్నపుబిళ్లతో గీత గీస్తూ, సగం చూపుతో. నేను గర్వంగా ఆటో ఎక్కాను.

పండగ వెళ్లిన వారానికి జాకెట్ కోసం వెళ్లాను. మెషీన్ ఆగి ఉంది. ఆపా ముక్కాలిపీట మీద గోడకు ఆనుకుని కూర్చుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. జాకెట్ సంగతి అడగబోయి, "ఏమైంది ఆపా?" అన్నాను. అంతే, పదకొండేళ్లలో ఎన్నడూ చెప్పని ఇంటి సంగతి చెప్పింది.

ఆవిడకు ఒక్కతే అక్క. బొల్లారంలో ఉంటుంది. నాలుగేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. అక్క కూతురి పెళ్లికి పెళ్లికూతురి బట్టలన్నీ ఆపానే కుట్టింది. ఒక జాకెట్ బిగుతైంది. ఎక్కడైనా జరిగేదే, లోపల విప్పడానికి గుడ్డ వదిలే ఉంటారు. కానీ అక్క ఆ కంగారులో, వియ్యాలవారి ఆడవాళ్లందరూ వింటుండగా ఒక మాట అంది.

"మా చెల్లెకు అక్షరం ముక్క రాదు, కొలతలేం రాసుకుంటది, బట్టలేం కుడ్తది అన్నది మేడం. అందరి ముంగట. అంతే, అన్నం సుత తినకుండ వచ్చిన." ఆగి, నా వైపు చూడకుండా అంది. "నాకు చదువు రాదు మేడం. అంకెలొస్తయి గంతే. మీకు తెల్వదు గద."

నాకు తెలీదు. ఇరవై ఏళ్లుగా పుస్తకాల మధ్య బతుకుతున్నాను. పదకొండేళ్లుగా ఈ మనిషి కొలతల పుస్తకంలో నా అంకెల పక్కన చిన్న పుస్తకం బొమ్మ గీసి ఉండటం చూస్తున్నాను, సరదా మనిషి అనుకున్నాను. బిల్లు మీద పేరు నన్నే రాసుకోమనేది, చేతికి తీరిక లేక అనుకున్నాను. చదవడం రాని మనిషి నా కళ్లెదుటే ఉంటే గుర్తుపట్టలేకపోయాను. పైగా ఎల్‌కేజీ అని నవ్వాను. వాళ్లక్క పెళ్లిలో అన్నదానికీ నేను అన్నదానికీ పెద్ద తేడా లేదు.

కథ అక్కడితో అయిపోలేదు. పండగ రోజు పొద్దున వాళ్లక్క ఫోన్ చేసిందట. నాలుగేళ్ల తర్వాత మొదటిసారి. ఆపా కట్ చేసింది. మళ్లీ చేసింది. మళ్లీ కట్ చేసింది. మూడోసారి కూడా అంతే.

"నాకేం తెలుసు మేడం? చూస్తే ఎన్నడూ చూడని బొమ్మ. గుండ్రంగ, మాడిపోయినట్టు, మీద నల్లచుక్కలు. తెల్వని ఫోన్ ఎత్తకు, పైసల్ గుంజుతరు అని మా పిల్ల చెప్పింది. ఫ్రాడ్ గాళ్లు సుత బొమ్మలు పెడ్తున్నరేమో అనుకున్న. మొన్న మా మేనత్త వచ్చి చెప్పింది, అక్క ఏడుస్తున్నదని. మాఫీ అడుగుదామని ఫోన్ చేస్తే పండగ పూట మూడుసార్లు మొహం మీద కొట్టింది, ఇగ సచ్చినా చెయ్య అన్నదంట."

నేను ఫోన్ అందుకున్నాను. వచ్చిన ఫోన్ల జాబితాలో వెనక్కి వెళ్లాను. పండగ నాడు వరసగా మూడు. గుండ్రటి గోధుమరంగు బిస్కెట్టు, దాని మీద చాక్లెట్ ముక్కలు. నేను పెట్టిన కొత్త బొమ్మల్లో బిస్కెట్టు అంటే అదే. పాత బొమ్మల్లో అదే చోట చిల్లులున్న రెండు నలుచదరపు ఉప్పు బిస్కెట్లు ఉండేవి. చేప చేపలాగే ఉంది, గులాబీ గులాబీలాగే ఉంది. మారిపోయింది ఆ ఒక్కటే.

"మీ అక్కకు ఏ బొమ్మ పెట్టారు ఆపా?" అని అడిగాను, తెలిసి కూడా.

"ఉప్పు బిస్కెట్. అక్కకు గదంటే పానం. చిన్నప్పుడు మా అబ్బా తెస్తే నాది సుత తినేది."

అప్పుడే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. కానీ నేను ఏం చేశానంటే, "ఉండండి, ఓసారి చూస్తాను" అని తల వంచుకుని, ఆ స్టైల్ తీసేసి పాతది పెట్టాను. ఫోన్ మళ్లీ వెలిగే ఆ రెండు నిమిషాలూ ఆపా నా భుజం మీదుగా వంగి చూస్తోంది. ఉప్పు బిస్కెట్లు వచ్చాయి.

"అగో, మా అక్క!" అని తెర మీద వేలు పెట్టింది. ఆ ఏడుపులోనే నవ్వు. వెంటనే నా చెయ్యి పట్టుకుంది. "మీరు లేకుంటే ఏమైతుండెనో మేడం. గింత పని ఎవరు చేస్తరు?"

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆపా వెంటనే అక్కకు ఫోన్ కలిపింది. మోగి మోగి ఆగింది. మళ్లీ కలిపింది, అటు కట్ చేశారు. ఫోన్ ఒళ్లో పెట్టుకుని నన్ను అడిగింది.

"మేడం, ఫోన్ల బొమ్మలు వాటంతట అవే మారుతయా?"

"ఒక్కోసారి అప్‌డేట్ వస్తే మారతాయి ఆపా."

ఆ మాట అబద్ధం కాదు. ఒక్కోసారి మారతాయి. ఆ ఫోన్‌లో మాత్రం మారలేదు, నేను మార్చాను. నిజంలాంటి మాట దొరికిందని ఆ క్షణంలో నాకు కలిగిన ఊరట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాలుగు రోజుల తర్వాత ఆపా జాకెట్ మా ఇంటికే పంపింది. నేను అడగని లట్కన్లు వీపు మీద వేలాడుతున్నాయి. ముత్యాలు గుచ్చి, జరీ చుట్టి, చేత్తో చేసినవి. ఫోన్ చేసి ఎందుకివి అంటే, "మీరు నా ఫోన్ బాగుచేసిండ్రు గద" అంది. అక్క సంగతి అడిగాను. మేనత్తతో కబురు పంపిందట, బొమ్మ మారిపోయిందని, గుర్తుపట్టలేదని. అక్క నమ్మలేదు. ఫోన్లో బొమ్మలు వాటంతట అవే మారతాయా, సాకులు చెప్పినా నమ్మేటట్టు చెప్పమను అందట.

అంటే ఆ అక్కాచెల్లెళ్ల మధ్య ఇప్పుడు అడ్డుగా ఉన్నది నేనే. బొమ్మ మార్చింది ఫలానా మనిషి అని ఒక్కరు చెబితే అక్క నమ్ముతుంది. ఆ ఒక్కరు నేనే. అది తెలిసి కూడా ఊరుకున్నాను. లైబ్రరీకి వెళ్లేటప్పుడు బన్సీలాల్‌పేట్ మీదుగా వెళ్లే ఆటో మానేసి, చుట్టూ తిరిగి బస్సులో వెళ్లాను. చెబితే కోపం చేసుకుంటుందనా? అది కాదు. అన్నీ తెలిసిన మేడం అన్న పేరు పోతుందని. ఇంత చిన్న విషయానికి అంత పెద్ద మనిషి ఏడుస్తుంటే, నేను నా పేరు చూసుకున్నాను.

మరో రెండు వారాలకు ఒక గృహప్రవేశానికి ఆ జాకెట్ వేసుకెళ్లాను. ఒకావిడ నన్ను వెనక్కి తిప్పి, లట్కన్లు పట్టుకుని చూసి, "ఎంత ప్రేమగా చేసిందండీ మీ టైలరు!" అంది. మర్నాడు లైబ్రరీకి సెలవు పెట్టి, పొద్దున్నే ఆపా దగ్గరికి వెళ్లాను.

కూర్చోకుండానే చెప్పేశాను. ఫోన్ ఇచ్చిన రోజు నేనే మార్చానని, ముద్దుగా ఉంటాయని మార్చానని, మిమ్మల్ని అడగలేదని, ఆ తర్వాత తెలిసి కూడా దాచానని. ఆపా మెషీన్ ఆపలేదు. చేతిలో ఉన్న కుట్టు చివరిదాకా వేసి, దారం తెంపి, అప్పుడు తలెత్తింది.

"మీ ఫోన్ నుంచి అక్కకు చేయుండ్రి" అంది. అంకెలు తనే చదివి చెప్పింది.

కలిపి స్పీకర్‌లో పెట్టాను. అవతల బొంగురు గొంతు. నేనెవరో చెప్పి, తప్పు నాదని, మీ చెల్లెలికి ఏమీ తెలీదని, బొమ్మ మార్చింది నేనేనని చెప్పాను.

"మీరు చదువుకున్నోళ్లా అమ్మా?" అని అడిగింది.

"అవునండి."

"నాకు సుత చదువు రాదు. మా ఇద్దర్నీ అబ్బా బడికి పంపలే. ఆ దినం ఆ పెద్దోళ్లందరి ముంగట నాకు రాదని ఎక్కడ తెలుస్తదోనని దానికి రాదని చెప్పిన." "అది ఉన్నదా పక్కన?"

ఆపా నా చేతిలోంచి ఫోన్ తీసుకుని లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. నేను ఆ బట్టల మధ్య నిలబడ్డాను. లోపలి నుంచి ఆపా మాట వినిపిస్తూ ఉంది, ఏడుపో నవ్వో తెలియకుండా. అరగంట పట్టింది.

బయటికి వచ్చినప్పుడు ఆపా మొహం కడుక్కుని ఉంది. నా ఫోన్ కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. అక్క శుక్రవారం వస్తుందని చెప్పింది. నేను రెండు చేతులూ జోడించి, "నన్ను క్షమించండి ఆపా" అన్నాను. ఏదో ఒకటి అని నన్ను తేలిక చేస్తుందని ఆశపడ్డాను కూడా.

"బొమ్మలు మార్చింది తెల్వక చేసిండ్రు మేడం. గది మాఫ్" అంది మెషీన్ ముందు కూర్చుంటూ. సూదిలోకి దారం ఎక్కించుకుంది. "ఇరవై దినాలు ఊకున్నరు గద, నేను ఇక్కడ ఏడుస్తుంటే. గది తెలిసే ఊకున్నరు. దానికి జెర టైం పడ్తది."

సరే ఆపా అన్నాను.