పేరు చెప్పని ఆకు

కట్టంగూర్ చుట్టుపక్కల ఎవరికి కామెర్లు వచ్చినా ముందు బిక్షమ్మ గడప తొక్కాల్సిందే, దవాఖాన ఆ తర్వాతే. ముప్పై ఏళ్లుగా ఆమె ఆకు నూరి పరగడుపున తాగిస్తోంది. ఆకు పేరు మాత్రం చెప్పదు. పేరు నోట పలికితే మందు పనిచేయదని అత్త ఈదమ్మ ఒట్టు వేయించుకుంది. నిజం చెప్పాలంటే, ఆ మహాతల్లి కోడలికి కూడా పేరు చెప్పలేదు. ఒకసారి మెట్ట చెలక గట్టు మీద, ఇంకోసారి కాలువ పక్కన వేలు పెట్టి చూపించిందంతే.

యూనివర్సిటీ నుంచి మందుమొక్కల పరిశోధనకు వచ్చిన హరిత ఆ రెండు చోట్లా ఆకులు తెంపి రెండు సంచుల్లో వేసుకుంది.

"ఆకుల హరితరేణువులుంటయి అవ్వా. వాటి లోపట డీఎన్ఏ అని ఒక రాత ఉంటది. అదంత చదివితే గిది ఏ మొక్కనో తేలుతది."

"ఆకుల గూడ నీ పేరే రాసుకున్నవా బిడ్డా?" అని బిక్షమ్మ నవ్వింది గానీ, లోపల అంతా అయోమయం. ఆకులో రాత ఏమిటి? నోటితో పలకకుండా కాగితం మీద పేరు రాస్తే ఒట్టు తప్పినట్టా, కాదా? అడుగుదామంటే అత్త బతికి లేదు.

నాలుగు నెలలకు హరిత మళ్లీ వచ్చింది. చెప్పడానికి మొహమాటపడింది.

"అవ్వా, అవి రెండు ఒక్కటి గావు. చూస్తె ఒక్కతీరుగనే ఉన్నయి గని, వేరేవేరే మొక్కలు."

"మరి ఏది మంచిగ జేస్తది?"

"గా రాత మొక్క ఏదో చెప్తది గని, ఏది మంచిగ జేస్తదో చెప్పదవ్వా."

బిక్షమ్మ అత్త మాటలు గుర్తు చేసుకోబోయింది. రెండూ ఒకటేనని అత్త అన్నదా, తానే అనుకుందా? రెండోది వేరే రోగానికని చూపించిందేమో. గట్టు ఎండిన ప్రతి ఏడాదీ కాలువ పక్కదే తెచ్చి నూరింది. ఎవరికి ఏది తాగించిందో ఇప్పుడు ఎలా గుర్తుంటుంది? తగ్గినవాళ్లు కొబ్బరికాయ పట్టుకొని వచ్చారు. రానివాళ్ల సంగతి ఆమె ఏనాడూ అడగలేదు. అది తలుచుకుంటే భయమేసింది.

మర్నాడు పొద్దున్నే ఊళ్లోని వీరేశం తన బిడ్డను ఎత్తుకొని వచ్చాడు. పిల్ల కళ్లు పచ్చగా ఉన్నాయి.

"పెద్దమ్మా, జర ఆకు నూరియ్యి."

"ముందు దవాఖానకు తీస్కపో."

"నువ్వే గట్లంటె ఎట్ల? గా ఆకేందో చెప్పు, నేనే తెంపుకొస్త."

పేరు చెప్పకూడదని ముప్పై ఏళ్లు నోరు కట్టుకున్న మనిషి, ఒట్టు సంగతి కూడా మరిచిపోయింది.

"నాకే ఎరుక లేదు వీరేశం," అంది.