రాజక్క ధూపం కాదు, నేను పెట్టిన మంట

ఒక్క మాట గొంతులో అడ్డం పెట్టుకుని ఏళ్ల తరబడి బతుకుతున్నాను. తింటూనే ఉన్నాను, నవ్వుతూనే ఉన్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

అప్పుడు సారపాకలో రెండు పోర్షన్ల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. మా ఆయనది మిల్లులో కాంట్రాక్టు పని. పక్క పోర్షన్‌లో రాజక్క, ఒంటరి మనిషి. ఆమెకు పూజలు, మాకు చర్చి. అయినా కూర గిన్నెలు అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి. ఆ ఎండాకాలం మా రెండు గుమ్మాల మధ్య సజ్జకు పెద్ద తేనెపట్టు పట్టింది. ఇంటికి లక్ష్మి నడిచొచ్చిందని రాజక్క పొంగిపోయింది. ప్రతి శుక్రవారం దాని కింద నిలబడి సాంబ్రాణి ధూపం వేసి దండం పెట్టేది. ఈగలు ఆమెనేమీ అనేవి కావు.

నాకు మాత్రం ఒళ్లు మండేది. నా బిడ్డకు అప్పుడప్పుడే నడక వస్తోంది. పట్టు తీయిద్దామంటే రాజక్క నా చేతులు పట్టుకుని బతిమాలింది. సరేనన్నాను. ఎందుకన్నాను? ఆ పట్టు ఉండొద్దని గట్టిగా పోట్లాడి ఉంటే ఇంత జరిగేది కాదు కదా!

ఒక శుక్రవారం మా అమ్మ బిడ్డను దమ్మపేట తీసుకెళ్లింది. రాజక్క ధూపం వేసి, తలుపుకు తాళం పెట్టి కూరగాయలకు పోయింది. ఇదే అదను అనుకున్నాను. పాత చీర ముక్క కర్రకు చుట్టి, కిరసనాయిలులో ముంచి, అంటించి పట్టు కిందకు ఎత్తాను. పట్టు సగం ఊడి పడింది. ఈగలు ఒక్కసారిగా లేచాయి. కర్రను తొట్టి నీళ్లలో ముంచి, దాంతో సహా లోపలికి ఉరికి గడియ పెట్టుకున్నాను. అంతలోనే గేటు చప్పుడైంది.

రాజక్క కేకలు. తర్వాత నా తలుపు మీద బాదుడు. "ఓ పిల్లా, తలుపు తియ్యే! జల్దీ తియ్యే!" నా చెయ్యి గడియ మీదే ఉంది. తీయలేదు. ఈగలు లోపలికి వస్తాయన్న భయంతోనే తీయలేదని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. అది అబద్ధం. తలుపు తీస్తే ఆమెకు కిరసనాయిలు వాసన తెలిసిపోతుందని తీయలేదు. వెనక గుమ్మం నుంచి బయటపడి, వీధి జనంతో కలిసి అప్పుడే వచ్చినదానిలా పరుగెత్తుకొచ్చాను.

భద్రాచలం దవాఖానాలో ఆమె కంటికి కట్టు కట్టారు. నేను పక్కనే కూర్చుని నీళ్లు తాగించాను.

"తప్పు నాదేనే," అంది. "జరమొచ్చిందని తలకు పోసుకోకుండనే ధూపమేసిన. తల్లికి కోపమొచ్చింది. నువ్వు ఇంట్ల లేకపోతివి, గదే మంచిగైంది. లేకుంటే నిన్ను గూడ కుట్టేటియి."

"అవ్ రాజక్కా," అన్నాను. "నేను లేను."

కుడికన్ను పోయింది. ధూపం వేసి ఈగలను లేపుకుందని వాడంతా ఆమెనే తిట్టింది. సజ్జకు అంటిన మసి కూడా సాంబ్రాణి ఖాతాలోకే పోయింది. ఏటా ఈస్టర్ ముందు ఫాదర్ దగ్గర పాపసంకీర్తనానికి మోకరిస్తాను. చిన్న చిన్న అబద్ధాలు, అత్త మీద కోపాలు చెప్పి లేచి వస్తాను. ఇది మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోతుంది.

మొన్న ఆమె మేనకోడలి గృహప్రవేశానికి వెళ్లాను. పెద్దదానివి, నువ్వే దీపం వెలిగించమని అందరూ రాజక్కను ముందుకు నెట్టారు. ఆమె చేతులు వెనక్కి పెట్టేసుకుంది. "నా చెయ్యి వద్దు బిడ్డా, తల్లికి పడది," అంది. కన్ను పోయినప్పటి నుంచి ఇంట్లో కూడా దీపం పెట్టడం లేదట. నేను తీసింది కన్నొక్కటే అనుకున్నాను ఇన్నాళ్లూ.

ఆమె ముందు నిలబడి చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. కానీ ఒక్కసారైనా ఈ మాట నా లోపలి నుంచి బయటికి రావాలి. రాజక్కా, నీ ధూపంలో ఏ తప్పూ లేదు. నిప్పు పెట్టింది నేను. నేను ఇంట్లోనే ఉన్నాను.