మొక్కకి నైట్ డ్యూటీ

నేను నిక్కర్లేసుకుని తిరిగే రోజులు... బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా క్వార్టరు వరండా... ఓ మూల పాత పెయింటు డబ్బా, అందులో మా నాయనమ్మ పెంచిన బ్రహ్మకమలం.

నిజానికి అది బ్రహ్మకమలం కాదు. అసలుది హిమాలయాల్లో, మంచు పక్కన పూస్తుంది. ఇది ఎక్కడో మెక్సికో అడవుల్లో చెట్ల కొమ్మలు పట్టుకుని పెరిగే కాక్టస్ జాతి. మనం ఆకులనుకునేవి ఆకులు కావు, పలకలా సాగిన కాడలు. ఈ మాట అన్నందుకు కాలనీలో నన్ను నాస్తికుడన్నారు. అననీండి...

నాయనమ్మకి ఈ సంగతులతో పనిలేదు. ఏం చెయ్యాలో ఆవిడ చేతులకి తెలుసు. కాడ కోసి, కోసిన చోట పొర కట్టేదాకా నీడలో ఆరబెట్టి, అప్పుడు నాటేది. డబ్బా అడుగున చిల్లులు. మట్టిలో సగానికి సగం, నాన్న తను పనిచేసే లోకోషెడ్ నుంచి తెచ్చే, రైలింజన్లలో కాలిన బొగ్గు పెళ్లలు... నీళ్లు నిలవకుండా. వేర్లు కిక్కిరిసినా డబ్బా మార్చనిచ్చేది కాదు.

"ఇరుకుంటేనే పూస్తాదిరా. మనవూ ఈ ఇరుకు కోటర్లోనే కదా ఇంతమందివి అయ్యేం!" అనేది.

ఇంత చేసి, ఆ పువ్వు విచ్చగా ఆవిడ ఒక్కసారీ చూడలేదు.

ఆవిడకి రేచీకటి. పువ్వేమో రాత్రే విచ్చుకుని, తెల్లారేలోపు వాలిపోతుంది. బల్బు పెడితే ఆవిడకి బల్బే కనిపించేది, దాని కిందున్నది కనిపించేది కాదు. వరండాలో జనం "అబ్బా... అబ్బా..." అంటుంటే, మంచం మీద కూచుని వాసన పీల్చేది. పొద్దున్నే తడిసిన దూదిలా వేలాడుతున్నదాన్ని వేళ్లతో తడిమి, "ఇదేనేటి?" అనేది.

ఒక వానాకాలం మొక్కకి రెండు మొగ్గలు వచ్చాయి. అప్పుడు నాన్నకి షెడ్‌లో వరసగా రాత్రి డ్యూటీలు. పగలు ఆయన పడుకోవాలని అమ్మ లోపలి గది కిటికీకి నల్ల రగ్గు కట్టేది. అది చూసి నాయనమ్మ వేళాకోళమాడింది.

"మీ నాన్నకి పగల్ని రాత్రి సేసేస్తన్నారు గదా... ఆ మొక్కకీ సేసీండ్రా గుంటడా. నాకు పగటేల పూస్తాది."

ఆవిడ నవ్వేసి ఊరుకుంది. నా బుర్రలో మాత్రం అదే తిరుగుతోంది. రాత్రయిందని మొక్కకి ఎలా తెలుస్తుంది? వెలుగు చూసి తెలుసుకుంటుందా? లోపల గడియారం లాంటిదేమైనా ఉందా?

నాన్ననడిగాను. ఆయన నవ్వలేదు. "సూద్దాం. దీన్నీ నైట్ డ్యూటీలో ఏసేద్దాం" అన్నాడు.

అంతే... పగలంతా నాన్న మంచం పక్కన చీకట్లో మొక్క. సాయంత్రం ఆయన డ్యూటీకి బయల్దేరుతూ దాన్ని వరండాలో పెద్ద బల్బు కింద పెట్టేవాడు. తెల్లవార్లూ దానికి వెలుగు. పొద్దున్నే ఆయనతోపాటు అదీ లోపలికి.

రెండు మూడు రోజులకే ఒక మొగ్గ రాలిపోయింది. మొగ్గలున్నప్పుడు చోటు మారిస్తే ఈ మొక్క అలుగుతుందని చాలా ఏళ్ల తర్వాత చదివాను. అప్పుడెవరికి తెలుసు!

పక్క క్వార్టర్లో గూడ్సు గార్డు ఒకాయన ఉండేవాడు. గార్డు బాబాయి అనేవాళ్లం. గోడమీంచి తల పెట్టి చూశాడు.

"అచ్ఛా! దేముడి పువ్వుకి డ్యూటీ ఏసేరేటి? ముసిలమ్మకి సూసే రాత నేదు, అందుకే రాలింది. మిగిలిందీ రాల్చీగల్రు, సూడండి."

నాయనమ్మ ఆ మాట విన్నది. "ఇంక సాలు, బయటెట్టీండ్రా. నా కళ్ల కోసం దాన్ని సంపీకండి" అంది.

"ఇప్పుడు మళ్లీ మారిస్తే అదీ రాల్తాది. ఉండనీ అమ్మా" అన్నాడు నాన్న.

మిగిలిన మొగ్గ కిందికి వంగింది... లావెక్కింది... మెడ కొక్కెంలా పైకి తిప్పింది...

ఓ మధ్యాహ్నం లోపలి గదిలోంచి నాన్న కేక. పిడుగు పడ్డా లేవని మనిషిని వాసన లేపింది! లుంగీ జారుతున్నా చూసుకోకుండా డబ్బా ఎత్తుకుని వరండాలోకి వచ్చాడు. పట్టపగటి వెలుగులో... పళ్లెమంత తెల్లటి పువ్వు.

నాయనమ్మ చేతిలో చేట కింద పెట్టి, మొహం దాదాపు పువ్వులో పెట్టేసింది.

గార్డు బాబాయి పరుగెత్తుకొచ్చాడు. చెప్పులు విడిచి దండం పెట్టాడు. "పగటేల పూసిందంటే మహత్యం పెద్దమ్మా! వాలిపోకముందే కోసి గుళ్లో ఎట్టాల. ఇలాగియ్యి" అంటూ చెయ్యి చాపాడు.

"సెయ్యేసేవంటే ఇరిసేస్తాను! నాకు సూసే రాత నేదన్నావు గదా. అక్కడే నిలబడు... నాను సూస్తన్నాను."

ఆయన నిలబడ్డాడు. అందరం నిలబడ్డాం. కాసేపటికి నాయనమ్మ మెల్లగా అంది...

"ఒరే, పువ్వులో ఇంకో పువ్వుందేట్రా!"

వంగి చూశాం. నిజమే. పోగుల్లాంటి కేసరాల మధ్య చిన్న తెల్లటి నక్షత్రం. ఏటేటా చుట్టూ చేరి "అబ్బా" అన్న కళ్లున్నవాళ్లం, ఒక్కరమూ దాన్ని గమనించలేదు.

పువ్వు వాలేదాకా ఆవిడ అక్కణ్నుంచి కదల్లేదు. అన్నం కూడా దాని ముందే తింది.

మర్నాటికల్లా గార్డు బాబాయి తన పూజ వల్లే అది పగలు పూసిందని కాలనీ అంతా చాటాడు. ఇరుగుపొరుగుతో గొడవెందుకని మావాళ్లు ఊరుకున్నారు. ఆయన పోయి చాలా కాలమైంది. మొన్న ఆయన కొడుకు కాలనీ వాట్సాప్ గ్రూపులో అదే కథ హిందీలో పెట్టాడు, తండ్రి ఫొటోకి దండ వేసి మరీ. కింద అన్నీ చేతులు జోడించిన బొమ్మలే.

అయ్యా, ఆ రోజు అక్కడ పూజ లేదు. ఒక నల్ల రగ్గు, ఒక బల్బు, రాత్రంతా బొగ్గు మసిలో పనిచేసి వచ్చి మొక్క పక్కన పడుకున్న ఒక మనిషి... అంతే. నేను బతికుండగా ఇందులో ఇంకేమీ కలపనివ్వను.

ఇప్పుడు బిలాస్‌పూర్ పక్కనే ఉన్న ఉస్లాపూర్ అపార్టుమెంట్లలో ఈ పువ్వు విచ్చితే ముందు ఫోన్లు వెలుగుతున్నాయి... అందరి వీపులూ పువ్వుకేసి, మొహాలు ఫోనుకేసి. తెల్లారేసరికి పువ్వు పోతుంది, ఫొటో మిగులుతుంది, చూసినవాళ్లు ఒక్కరూ ఉండరు.

మీ ఇంట్లో ఈ మొక్క ఉంటే, ఏ పువ్వు కోసం ఎవరు ఎదురుచూశారో, ఎవరికి చూపించాలని తంటాలు పడ్డారో రాయండి... తీరిగ్గా చదువుతాను. మహిమలు మాత్రం వద్దు.