విప్పేసిన లేసు

గిరిజ కుట్టిన లేసును ఎవరో విప్పేశారు. అట్టపెట్టెలో సర్దడానికి ఆ ఊదారంగు బుల్లి టోపీని చేతిలోకి తీసుకోగానే ఆమెకు తెలిసిపోయింది. పోయిన గురువారం దాని అంచు చుట్టూ తెల్ల లేసు కుట్టి ఇచ్చింది తనే. ఇప్పుడు బోడిగా ఉంది. సూది దిగిన గుర్తులు మాత్రం ఉన్నిలో మిగిలాయి.

టోపీని పెట్టెలో పెట్టి, చుట్టూ కూర్చున్నవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూసింది.

జర్మనీలో స్టుట్‌గార్ట్ నుంచి ఎస్-బాన్ లోకల్ రైల్లో ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఆ ఊళ్లో, చర్చి పక్క హాల్లో ప్రతి గురువారం ఏడెనిమిది మంది ఆడవాళ్లు చేరి, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కోసం టోపీలు, స్వెట్టర్లు అల్లి ఆసుపత్రికి పంపుతారు. భర్త వాసుదేవరావు ఉద్యోగం కోసం ఏడేళ్ల కిందట వచ్చిన గిరిజ, జర్మన్ మాట్లాడటం అలవాటవుతుందని అక్కడ చేరింది. ఉన్ని అల్లడం అక్కడే నేర్చుకుంది. లేసు మాత్రం నరసాపురం దగ్గరి పుట్టింటి విద్య. తొమ్మిదో ఏట పెద్దమ్మ శాంత పక్కన కూర్చుని మొదటి పువ్వు అల్లింది.

అనుమానం కూడా అక్కడి నుంచే వచ్చింది. ఇళ్లకొచ్చి లేసు పట్టుకెళ్లే ఏజెంటు ఒకసారి పెద్దమ్మ అల్లిన బల్లగుడ్డను మాసిందని వంక పెట్టి పక్కన పడేశాడు. తరవాత ఆ ఏజెంటు ఇంటికి పేరంటానికి వెళితే, ఆ పనికిరాని గుడ్డే టీపాయి మీద పరిచి ఉంది. పెద్దమ్మ కాఫీ ముట్టుకోకుండా లేచి వచ్చేసింది. పక్కనే ఉన్న గిరిజ అది మరిచిపోలేదు.

అల్లినవాటిని ఉతకడానికి ఇంటికి తీసుకెళ్లేది ఫ్రావ్ బ్రెన్నర్ ఒక్కతే. ఫ్రావ్ అంటే అక్కడ ‘శ్రీమతి’. డెబ్బై ఏళ్ల మనిషి, ఎక్కువ మాట్లాడదు.

“ఆవిడే తీస్తోందండీ,” అంది గిరిజ ఆ సాయంత్రం భర్తతో. “తీసి ఏం చేసుకుంటుందో.”

“ఉతుకులో ఊడిపోయుంటుందిలే.”

“నేను కుట్టింది ఊడదు.”

“అయితే అడిగెయ్యి.”

“అడిగితే ఒప్పుకుంటారా ఎవరైనా?”

అడక్కుండా ఒక గుర్తు పెట్టింది. ఆరు రేకుల పువ్వుల వరసలో ఒక్క పువ్వుకి ఐదే రేకులు అల్లింది. తరవాతి రెండు గురువారాలూ ఫ్రావ్ బ్రెన్నర్‌ను కనిపెట్టి చూసింది. తను లేసు కుడుతుంటే ఆవిడ చూపు తిప్పుకునేది. ఒకసారి “ఫ్రావ్ గిరిజా...” అని మొదలుపెట్టి, కత్తెర అడిగి ఊరుకుంది. గిరిజకు ఇంకే సందేహం లేకపోయింది.

మూడో వారం ఆవిడకు జలుబు చేసి రాలేదు. ఆ వారం ఉతకాల్సినవాటి పెట్టెను ఎవరో ఒకరు ఆవిడ ఇంటికి చేర్చాలి. ఎవరూ నోరు విప్పకముందే గిరిజ దాన్ని అందుకుంది.

ఫ్రావ్ బ్రెన్నర్ వంటింటి బల్ల మీద ఇస్త్రీ చేసిన తెల్లటి పొత్తిగుడ్డలు నాలుగున్నాయి. ఒక్కొక్కటి మూరెడుకన్నా ఎక్కువ లేదు. అంచులకు లేసు. గిరిజ వంగి చూసింది. ఐదు రేకుల పువ్వు కనిపించింది.

“ఇది నాది,” అంది.

“అవును, మీదే.”

“ఎందుకు విప్పారు?”

ఆవిడ కుర్చీ చూపించింది. గిరిజ కూర్చోలేదు.

“లేసులో కంతలుంటాయి కదా. నెలలు నిండని పిల్లల వేళ్లు అగ్గిపుల్లల్లా ఉంటాయి. ఇరుక్కుంటాయని నర్సులు వద్దన్నారు. మీరంత ఇష్టంగా కుడుతుంటే చెప్పలేకపోయాను. పారెయ్యడానికీ చెయ్యి రాలేదు.”

“మరి వీటికెందుకు కుట్టారు? వీళ్లకి వేళ్లుండవా?”

“ఉంటాయి,” అంది ఫ్రావ్ బ్రెన్నర్. “కదలవు.”

ఆ మాట అర్థమవడానికి గిరిజకు కొంత సేపు పట్టింది. అప్పుడు కూర్చుంది. ప్రాణం లేని పిల్లలకు చుట్టే గుడ్డను తన చేతులు తాకాయన్న భయం ఒక పక్క, ఇంత పొందికగా సమాధానం వచ్చిందేమిటన్న శంక ఇంకో పక్క. టీ తాగి ఇంటికొచ్చి భర్తకు అంతా చెప్పింది.

“పాపం, చూశావా,” అన్నాడాయన.

“కథ బాగానే చెప్పింది. నిజమో కాదో.”

మంగళవారం తనే ఆసుపత్రికి వెళ్లింది. పిల్లల వార్డులో ఒక నర్సును ఆపి, వచ్చిన జర్మన్ అంతా కూడగట్టుకుని అడిగింది. నిజమేనంది నర్సు. పోయిన బిడ్డను ఆ తెల్ల గుడ్డల్లో చుట్టే తల్లి చేతికిస్తామంది. మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

“పోయిన నెల ఒకావిడ అలాంటిదే ఇంకోటి ఉందా అని అడిగింది. ఒకటి పాపతో వెళ్లిపోయింది కదా. తన దగ్గర ఉంచుకోవడానికి. మా దగ్గర లేదు.”

ఎస్-బాన్ ఎక్కి రెండు స్టేషన్లు దాటేదాకా గిరిజకు టికెట్ కొనలేదని గుర్తు రాలేదు.

గురువారం గిరిజ వెళ్లి ఫ్రావ్ బ్రెన్నర్ పక్క కుర్చీలో కూర్చుంది. క్షమించమని అనలేదు. టోపీలకు కంతలు లేకుండా ఉన్నితోనే గట్టిగా అల్లిన అంచు చూపించింది. తరవాత సంచిలోంచి విడిగా అల్లిన లేసు తీసి ఆవిడ ఒళ్లో పెట్టింది. అన్నీ ఒకే కొలతవి, రెండేసి చొప్పున.

“రెండెందుకు?”

నర్సు అన్న మాట గిరిజ చెప్పింది. ఫ్రావ్ బ్రెన్నర్ లేసును వేళ్లతో సాపు చేసింది.

“పదకొండేళ్లుగా పంపుతున్నాను. నాకెవరూ చెప్పలేదు.”

“మీరు అడగలేదు,” అంది గిరిజ, సూదిలోకి దారం ఎక్కిస్తూ.