ఏలూరు బస్సులో ఖాళీ సీటు

కైకలూరులో నేనెక్కిన ఏలూరు బస్సు ఎంత కిక్కిరిసి ఉందంటే, రొయ్యల వాసన కూడా లోపల చోటులేక ఫుట్‌బోర్డు మీద వేలాడుతోంది. అంత రద్దీలోనూ ఒక సీటు ఖాళీ. కిటికీ పక్కన, ఆఫ్రికా నుంచి వచ్చి మన దగ్గర చదువుకుంటున్న కుర్రాడు కూర్చున్నాడు. అతని పక్కన ఎవరూ కూర్చోవడం లేదు.

"కూర్చోండి బాబాయిగారూ," అంది నేను నిలబడ్డచోట సీట్లో ఉన్నావిడ, నా పక్కన నిలబడ్డ మీసాలాయనకి ఆ ఖాళీ సీటు చూపిస్తూ.

"పర్వాలేదండీ, నాకు నిలబడడమే హాయి," అన్నాడాయన, నొప్పెడుతున్న మోకాలు రాసుకుంటూ.

ఆవిడ లెక్చరరట. "మా క్లాసులోనూ ఇదే గొడవండీ. విదేశీ పిల్లల పక్కన బెంచీ ఖాళీ. అందుకే రోజూ అందరి చోట్లూ మార్పిస్తున్నాను," అని నాతో చెప్పి, లేచి చప్పట్లు కొట్టింది. "ఏవండీ, స్టాపు స్టాపుకీ అందరం చోట్లు మారదామండీ! నిలబడ్డవాళ్లకీ సీటు దొరుకుతుంది."

మేడంగారు చెబితే కాదనడానికి మనకు నోరెక్కడిది? డ్రైవరు కూడా లేవబోతే నేనే ఆపాను.

మీసాలాయన వంతుకు ఆ సీటే వచ్చింది. కొల్లేటి గట్టు మీద కొంగలా అంచున కూర్చున్నాడు. కాసేపటికి కుర్రాడి భుజం మీద తలవాల్చి గురక మొదలెట్టాడు.

తర్వాతి స్టాపులో ఆవిడ ఆయన్ని లేపబోయింది.

"ఉండనివ్వండి మేడంగారూ, పడుకున్నారు కదండీ," అన్నాడు కుర్రాడు తెలుగులో. ఏలూరు దాకా భుజం కదపలేదు.

మెలకువ వచ్చిన మీసాలాయన అతన్ని కసిరాడు: "ముందే లేపొద్దట్రా? భుజం నొప్పెట్టదూ?"